ఉంగరము చేయలేని పని

అడుగనిదే అమ్మయినా పెట్టదని సామెత. మా అమ్మగారి విషయములో ఈ సామెత ఏనాడును నిజము కాలేదు. అడుగక ముందే పెట్టుట, వద్దన్న తరువాత మరికొంచెము పెట్టుట, విస్తరిపై చేయి అడ్డము పెట్టినచో వ్రేళ్ళ సందు నుంచి వడ్డించుట ఆమె పద్ధతి. మా త్రిపురాంతకములోనే కాదు. మార్కాపురము, కంభము, గిద్దలూరు, ఏ ఊరిలో ఏ ఇంటికి పోయినను ఇదే మర్యాద. ఆ మర్యాదలో పెరిగి పెద్దవారమై, ముప్పది అయిదవ యేటికి 126 కిలోల బరువు తూగి, 2013లో ఆపరేషను చేయించుకొని, జఠరమునకు ఒక ఉంగరము వేయించుకొన్నాము. వైద్యులు దానిని గ్యాస్ట్రిక్ బ్యాండ్ అంటారు. ఆ ఉంగరము మాకు చేసిన ఉపకారమేమి, అది చేయలేక మిగిలిన పని ఏమి, ఆ మిగిలిన పనిని చివరకు ఎవరు చేసినారు అనునది నేటి ప్రసంగములో చెప్పదలచినాము. సొంత గోడు రేడియోలో చెప్పుకొనుట మాకు అలవాటు లేదు. కాని ఈ బాధ మా ఒక్కరిది కాదు కనుక చెబుతున్నాము.

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి సుమారు 36 మంది, పురుషులలో సుమారు 31 మంది అధికమైన బరువు కలవారు. ఈ లెక్క ఇంటిలో ఎవరైనను వేసుకొనవచ్చును. కిలోలలో బరువును మీటర్లలో ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చిన దానిని మరల అదే ఎత్తుతో భాగించవలెను. వచ్చిన అంకె 25 దాటినచో అధిక బరువని ఆ సర్వే లెక్క. మన దేశపు వైద్యులు ఇంకను జాగ్రత్తపడి, మన శరీర తత్త్వమునకు 23 దాటగానే అధిక బరువనియు, 25 దాటినచో స్థూలకాయమనియు అంటున్నారు. 165 సెంటీమీటర్ల ఎత్తు గలవారికి 25 అనగా 68 కిలోలు. మా ఎత్తు 168 సెంటీమీటర్లు. ఆనాడు మా అంకె 44 దాటినది.

ఇంత బరువు ఎట్లు వచ్చినది? తిండిపోతుతనము అని ఒక్క మాటలో తేల్చివేయువారున్నారు. మేమును చాలాకాలము అట్లే అనుకొని సిగ్గుపడినాము. కాని దీనికి ఒక వెనుక కథ ఉన్నది. మాది మెట్ట ప్రాంతము. నల్లమల కొండలు కనుచూపు మేరలో ఉన్నను, వానలు నమ్మరానివి. మా పెద్దల కాలములో సజ్జలు, జొన్నలు, కొర్రలు, వరిగలు తిన్న ఇండ్లే ఎక్కువ. వరి అన్నము పండుగ నాటి మాట. 1983లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చుట మొదలుపెట్టిన తరువాత తెల్లని అన్నము పేదల ఇండ్లలో సయితము రోజువారీ భోజనమైనది. అది గొప్ప మేలు. ఆకలి తెలిసిన తల్లులకు కుండ నిండ అన్నము ఉడుకుట చూచినంత సంతోషము మరొకటి లేదు. బిడ్డ బొద్దుగా ఉన్నచో ఒళ్ళు చేసినాడని మురిసినారు. సన్నగా ఉన్నచో ఇరుగుపొరుగులు ఏమనుకొందురోనని దిగులుపడినారు. అన్నము పెరిగినది, పొలము పని, నడక మాత్రము తగ్గినవి. మేము ఉద్యోగమునకు పట్టణము చేరి, కుర్చీలో కూర్చుండి మాటలు చెప్పి జీతము తీసుకొను వృత్తిలో పడినాము. తల్లి పెట్టిన అలవాటు వెంట వచ్చినది. తండ్రి చేసిన కష్టము వెంట రాలేదు.

త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పు ద్వారమని ప్రసిద్ధి. కొండపైన త్రిపురాంతకేశ్వర స్వామి, క్రింద చెరువులో బాలాత్రిపురసుందరీ అమ్మవారు. స్వామి మూడు పురములను ఒకే బాణముతో కూల్చినాడని పురాణ కథ. మా శరీరములోను మూడు పురములు కట్టుకొని ఉండెను: స్థూలకాయము, మధుమేహము, రక్తపోటు. 2012లో ఇంటికి పోయినప్పుడు అమ్మగారితో కలిసి స్వామి దర్శనమునకు బయలుదేరినాము. ఆ కొండ శ్రీశైలమంత ఎత్తయినది కాదు. అయినను కొంత దూరము నడచుసరికి మాకు ఊపిరి అందలేదు, మోకాళ్ళు సహకరించలేదు. వెనుకకు వచ్చి చెరువు గట్టున కూర్చున్నాము. అరువది ఏండ్లు దాటిన అమ్మగారు పైకి పోయి, దర్శనము చేసుకొని, పులిహోర ప్రసాదము తెచ్చి మా చేతిలో పెట్టినారు. ఆ పులిహోర అంతయు మేమే తిన్నాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంతకు ముందు ఉప్పు మానినాము, నూనె మానినాము, ఒక పూట భోజనము మానినాము. ప్రతిసారి తగ్గిన అయిదారు కిలోలు ఎనిమిదై తిరిగి వచ్చినవి. ఇక ఆపరేషను ఒక్కటే బాణమని నిశ్చయించుకొన్నాము.

ఈ విద్యకు కొంత చరిత్ర ఉన్నది. బరువు తగ్గించుటకు జఠరమును దాటించి ప్రేగునకు దారి కలిపే ఆపరేషనును 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయములో ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు ప్రవేశపెట్టినాడు. 1986లో అమెరికాలో స్థిరపడిన లుబోమిర్ కుజ్మాక్ అను శస్త్రవైద్యుడు, బిగించుటకును వదులు చేయుటకును వీలైన సిలికోన్ పట్టీని వాడినాడు. 1993లో బెల్జియములో మిటికు బెలాచ్యూ అను వైద్యుడు కడుపు పెద్దగా కోయకుండ, చిన్న రంధ్రముల ద్వారా ల్యాపరోస్కోపు సహాయముతో ఆ పట్టీని అమర్చినాడు. 2001లో అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ దీనికి అనుమతి ఇచ్చిన తరువాత లోకమంతట వ్యాపించినది.

ఇందులో జఠరమును కోసి తీసివేయుట లేదు. జఠరము పైభాగమున, అన్ననాళము వచ్చి కలిసే చోటికి కొంచెము దిగువగా, ఈ సిలికోన్ ఉంగరమును తొడుగుతారు. దాని లోపలి అంచు సన్నని గాలిగొట్టము వంటిది. దాని నుంచి ఒక సన్నని గొట్టము వచ్చి, పొట్ట చర్మము క్రింద అమర్చిన చిన్న బిళ్ళకు కలుస్తుంది. వైద్యుడు ఆ బిళ్ళలోనికి సూదితో కొద్ది మిల్లీలీటర్ల సెలైన్ నీరు ఎక్కించినచో ఉంగరము బిగుస్తుంది, తీసినచో వదులవుతుంది. ఉంగరమునకు పైన మిగులు జఠర భాగము చిన్న గిన్నెడు కూడ కాదు. రెండు మూడు చెంచాల పదార్థము పట్టునంత. ఇది అన్నమును అడ్డగించి నిలుపు ఆనకట్ట అని చాలామంది అనుకొంటారు. మేమును అట్లే అనుకొన్నాము. నిజమునకు బాగుగా నమిలిన ముద్ద ఒకటి రెండు నిమిషములలో ఉంగరమును దాటి క్రిందికి దిగిపోవలెను. ముద్ద దాటునప్పుడు అక్కడి నరములపై పడు ఒత్తిడి వలన, చాలునను సంకేతము మెదడునకు త్వరగా అందుతుంది. అనగా ఉంగరము చేయునది ఒక్కటే పని: చాలునను మాటను ముందుగా, మెల్లగా చెప్పుట. ఆ మాట వినుట తినువాని పని. ఈ భేదము తెలియుటకు మాకు నాలుగు సంవత్సరములు పట్టినది.

ఆపరేషను తరువాత మొదటి రెండు వారములు పలుచని ద్రవములు, ఆపై మెత్తగా చిదిపిన పదార్థములు, అయిదారు వారములకు మామూలు భోజనము. అప్పుడు మొదటిసారి సెలైన్ ఎక్కించినారు. ఆ మొదటి రోజులు మాకు అద్భుతముగా తోచినవి. ఇడ్లీ ఒకటి తినుసరికి చాలుననిపించినది. జీవితములో మొదటిసారి, పళ్ళెములో పదార్థము ఉండగా చేయి కడుగుకొన్నాము. వారమునకు అరకిలో, కొన్ని వారములు కిలో చొప్పున బరువు తగ్గినది. ఏడాదిన్నర గడచుసరికి 126 కిలోలు 96 అయినవి. మధుమేహమునకు రెండు మాత్రలు వేసుకొను వారము ఒక మాత్రకు వచ్చినాము. 2014 కార్తీక మాసములో మూడు చోట్ల ఆగి ఆగి, మొత్తము మీద కొండ ఎక్కినాము. మూడు పురములు కూలినవనుకొన్నాము.

అయితే ఒక తప్పు చేసినాము. ఆపరేషను సంగతి మా ఇంటి ఇల్లాలికి తప్ప ఎవరికిని చెప్పలేదు. అమ్మగారికి కూడ చెప్పలేదు. కడుపు కోసినారని విన్నచో బెంగపెట్టుకొనునని ఒక కారణము; ఆకలిని అదుపు చేసుకొనలేక ఉంగరము వేయించుకొన్నాడని బంధువులు నవ్వుదురేమోనని అసలు కారణము. ఈ సిగ్గు మన ఒక్క దేశములోనిదే కాదు. మేము ఆపరేషను చేయించుకొన్న ఆ 2013లోనే, ఫిబ్రవరి నెలలో, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్ర గవర్నరు క్రిస్ క్రిస్టీ ఇదే ఆపరేషనును రహస్యముగా చేయించుకొన్నాడు. మే నెల వరకు లోకమునకు తెలియనీయలేదు. అంతటి అధికారము గలవానికే చెప్పుకొనుట కష్టమైనప్పుడు మా బోటివారి మాట చెప్పనేల?

కాని చెప్పనందువలన ఏమైనదో వినుడు. 2015లో మార్కాపురములో ఒక దగ్గరి బంధువుల ఇంట పెండ్లి. పంక్తిలో కూర్చున్నాము. చిక్కిపోయినావని ఒకరు గారెలు వేసినారు. మా చేతి వంట తినవా యని మరొకరు పెరుగన్నము ముందే అన్నము కుప్ప పోసినారు. కాదనుటకు కారణము చెప్పలేము. పక్కవారితో సమానముగా, గబగబ నాలుగు ముద్దలు మింగినాము. అయిదవ ముద్ద రొమ్ము ఎముక వెనుక నిలిచిపోయినది. నోటిలో నీరు ఊరుట మొదలుపెట్టినది. నీళ్ళు త్రాగినచో అవియు దిగలేదు. పంక్తి మధ్య లేచుట అమర్యాద అయినను లేచి, పందిరి వెనుకకు పోయి, ఎవరి కంట పడకుండ వాంతి చేసుకొన్నాము. దిష్టి తగిలినదని ఒక పెద్దావిడ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసినది. మేము తల వంచుకొని ఊరుకొన్నాము.

అది మొదలు ముద్ద అనగానే భయము పట్టుకొన్నది. గట్టి పదార్థములు మానినాము. సులభముగా జారునవి ఏవో నాలుకకు, ఉంగరమునకు కూడ తెలిసిపోయినవి. పాయసము జారుతుంది. పంచదార వేసిన కాఫీ జారుతుంది. ఐస్‌క్రీము, బాదంపాలు జారుతవి. కారప్పూస, బిస్కట్లు నోటిలో పొడియై జారుతవి. చారు పోసి పిసికిన అన్నము జారుతుంది. వీనిలో దేనికిని ఉంగరము అడ్డు చెప్పదు. చాలునని కూడ చెప్పదు. రోజంతయు కొంచెము కొంచెముగా తింటూనే ఉన్నాము. భోజనము చేయని మనిషికి బరువు పెరుగుట మొదలయినది. ఉంగరము వదులైనదని మేమే తీర్మానించుకొని, వైద్యుని వద్దకు పోయినప్పుడెల్ల ఇంకొంచెము బిగించుమని కోరినాము. బిగించిన కొలది గట్టి పదార్థము మరింత కష్టమైనది. జారుడు తిండి మరింత పెరిగినది. రాత్రివేళ పడుకొన్నచో పుల్లని నీరు గొంతులోనికి వచ్చి దగ్గు లేచేది. మైక్రోఫోను ముందు కూర్చున్నప్పుడు గొంతు బొంగురుపోయేది. 2017 నాటికి 107 కిలోలకు చేరినాము.

చివరకు ఒక వైద్యుడు ఎక్స్-రే తీయించి చూచి, ఉంగరమునకు పైభాగమున జఠరము సాగినదని కనుగొని, సెలైన్ నీటిని చాలవరకు తీసివేసినారు. రెండు నెలలు ఉంగరమును మరచిపోయి, గట్టి పదార్థమును నమిలి తినుట నేర్చుకొని రమ్మన్నారు. బిగించుటకు పోయినవారము వదులు చేయించుకొని వచ్చినాము. వదులైనచో మనకు మేలా అని మేము అనుమానించినాము. కాని తరువాత జరిగినది చూడగా, ఆ వైద్యుడు చెప్పినదే సరి. ఉంగరమునకు మూడు స్థితులు: మరీ వదులైనచో ఆకలి తీరదు; మరీ బిగిసినచో మంచి తిండి దిగదు, చెడ్డ తిండి మాత్రము దిగుతుంది; నడుమనున్న స్థితిలోనే ఉపయోగము.

ఆ రెండు నెలలలో ఒక నెల సెలవు పెట్టి త్రిపురాంతకములో గడిపినాము. మొదటి రోజే అమ్మగారు రాగి సంకటి, శనగకాయల పచ్చడి చేసి ముందు పెట్టినారు. సంకటి నమిలెడి వస్తువు కాదు. ముద్ద చేసి, పచ్చడిలో అద్ది, మింగుట మా ప్రాంతపు అలవాటు. రెండు ముద్దలకు ఆగి చూస్తూ కూర్చున్నాము. "ఏం నాయనా, సయించటంలా?" అని అడిగినారు. ఇక దాచలేకపోయినాము. పొట్టపై మచ్చలు చూపించినాము. చర్మము క్రింద బిళ్ళను ఆమె వ్రేలితో తాకి చూచినారు. మార్కాపురము పెండ్లి సంగతి, పందిరి వెనుక సంగతి, రాత్రుల సంగతి అన్నియు చెప్పినాము. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత, "అయితే ఇన్నాళ్ళూ నేను పెట్టిన ముద్దే నీ గొంతుకడ్డం పడిందా నాయనా?" అన్నారు. దానికి మా వద్ద జవాబు లేకపోయినది.

మరునాడు భోజనమునకు పిలిచినప్పుడు పెద్ద పళ్ళెము లేదు. పలహారమునకు వాడు చిన్న పళ్ళెము ఒకటి ఉన్నది. దాని ప్రక్కనే అటువంటిదే మరొకటి ఉన్నది. రెండవది ఎవరికని అడిగినాము. "నాకే. నువ్వు మెల్లగా తినాలంటే పక్కన ఇంకో మనిషి మెల్లగా తినాలి గదా" అన్నారు. మా అమ్మగారు మాతో కలిసి కూర్చుండి భోజనము చేయుట మాకు జ్ఞానము వచ్చిన తరువాత అదే మొదటిసారి. మన ఇండ్లలో వడ్డించు స్త్రీ చివర తింటుంది. ఏమి తింటుందో ఎవరును చూడరు. ఆనాడు చూచినాము. పప్పు గిన్నె అడుగున మిగిలినది, చారు నీళ్ళు, మాడిన అన్నము ఆమె అలవాటు. గుడ్డు, గడ్డ పెరుగు, ముక్కలు అన్నియు ఇన్ని సంవత్సరములు మా పళ్ళెములోనికే వచ్చినవి. కొడుకునకు ఎక్కువై జబ్బు చేసిన ఇంటిలోనే తల్లికి తక్కువైన సంగతి మాకు తెలియలేదు. ఆ నెల రోజులు ఒక గుడ్డు ఆమెకు, ఒక గుడ్డు మాకు అని నియమము పెట్టుకొన్నాము. ఒక్కొక్క ముద్దకు నడుమ ఆమె పాత కబుర్లు చెప్పేవారు. ఇరువది నిమిషములు ఎట్లు గడచెడివో తెలియదు. ముద్ద ఒక్కసారి కూడ అడ్డము పడలేదు.

శ్రోతలలో ఈ ఆపరేషను చేయించుకొన్నవారు గాని, వారి ఇంటివారు గాని ఉన్నచో, మేము నేర్చుకొన్న కొన్ని సంగతులు వారికి ఉపకరించవచ్చును. ముద్ద ఉసిరికాయ కన్న చిన్నదిగా ఉండవలెను. నోటిలో పూర్తిగా మెత్తబడిన తరువాతనే మింగవలెను. ఒక ముద్ద దిగిన నిమిషమునకు గాని మరొకటి తీసుకొనరాదు. భోజనము ఇరువది, ముప్పది నిమిషములకు మించి సాగదీయను రాదు. ఆ వేళకు చాలుననిపించవలెను. మాంసకృత్తులు ముందు తినవలెను: పప్పు, గుడ్డు, చేప, ఉడికించిన శనగలు, గట్టి పెరుగు. తరువాత కూరగాయలు. అన్నము చివర, ఖాళీ మిగిలినచో. మనము పప్పు మొదలు పెరుగు వరకు ప్రతిదానిని అన్నముతో కలుపుకొని తినువారము కనుక, ఈ క్రమము మొదట వింతగా ఉంటుంది. నెల దినములలో అలవాటవుతుంది. ముద్ద కట్టిన అన్నము, మెత్తని బ్రెడ్డు, పీచు గల మునగకాయ, తోటకూర కాడలు చాలామందికి అడ్డము పడతవి. భోజనముతో పాటు నీళ్ళు త్రాగరాదు, అరగంట ఆగవలెను. మిగిలిన వేళలలో నీళ్ళు తప్పక త్రాగవలెను. సోడాలు, తీపి పానీయములు మానవలెను. మింగుడుపడుట లేదని జారుడు తిండికి దిగినచో, అది వైద్యుని వద్దకు పోవలసిన గుర్తు గాని ఉపాయము కాదు.

ప్రమాద చిహ్నములును తెలిసి ఉండవలెను. నీళ్ళు కూడ దిగనప్పుడు, వాంతులు ఆగనప్పుడు, కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినప్పుడు, మలము నల్లగా వచ్చినప్పుడు, బిళ్ళ ఉన్న చోట చర్మము ఎర్రబడి జ్వరము వచ్చినప్పుడు ఆలస్యము చేయరాదు. ఉంగరము జారుటయు, జఠరపు గోడను ఒరసి లోనికి చొచ్చుకొనిపోవుటయు జరిగే సంగతులే. వాంతులు చాల దినములు సాగినచో బి విటమినులలో ఒకటైన థయామిన్ లోపించి నరములు దెబ్బతినవచ్చును. కనుక విటమిను మాత్రలను, ఏటేటా రక్త పరీక్షను మానరాదు. నొప్పి మాత్రలను సొంతముగా కొని మింగరాదు. స్త్రీలు గర్భవతులైనప్పుడు ముందుగా చెప్పినచో వైద్యులు ఉంగరమును వదులు చేయగలరు. ఆపరేషనుకు ఒప్పుకొనక ముందే ఒక ప్రశ్న అడుగవలెను: తరువాత సెలైన్ సరిచేయువారు ఎవరు, ఎక్కడ? మా ప్రాంతపు వారు మార్కాపురము రోడ్డు స్టేషనులో రైలెక్కి గుంటూరునకో, అంతకన్న దూరమునకో పోవలసి ఉంటుంది. ఆపరేషను ఒక్కనాటిది; ప్రయాణము ఏండ్ల తరబడిది.

నేడు ఈ ఉంగరమును క్రొత్తగా వేయించుకొనువారు చాల తక్కువ. జఠరమును నిలువుగా కోసి సన్నని గొట్టము వలె చేయు ఆపరేషను దాని స్థానమును ఆక్రమించినది. ఉంగరము వేయించుకొన్న చాలమందికి తరువాత తీసివేయవలసి వచ్చినది. ఎవరికి ఆపరేషను అవసరమను నియమములు కూడ మారినవి. 1991లో అమెరికా వైద్యులు 40 అంకె దాటినవారికి, లేక 35 దాటి ఇతర జబ్బులున్నవారికి అని నిర్ణయించినారు. 2022లో రెండు అంతర్జాతీయ వైద్య సంఘములు ఆసియా వారికి 27.5 నుంచే పరిశీలించవచ్చునని సూచించినవి. 2025లో ఆకలిని తగ్గించు టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ సూదిమందులు బరువు తగ్గించుటకై మన దేశపు విపణిలోనికి వచ్చినవి. అవి కూడ వైద్యుని సలహాతో కొందరికి మేలు చేయునవే. అయినను ఉంగరమైనను, కోతయైనను, సూదిమందైనను చాలునను మాటను మనిషి చెవిలో చెప్పగలవు. ఇంటిలో పదిమంది మరికొంచెము, మరికొంచెము అంటున్నప్పుడు ఆ చిన్న మాట వినబడదు.

అందువలన మా మనవి రోగులకన్న వారి ఇంటివారికి ఎక్కువ. మీ ఇంటికి వచ్చిన చుట్టము చాలునన్నప్పుడు కారణము అడుగకుండ చేయి వెనుకకు తీసుకొనుడు. ప్రేమ చూపుటకు గరిటె ఒక్కటే సాధనము కాదు. ప్రక్కన కూర్చుండుట కూడ వడ్డనయే. వడ్డించు ఇల్లాలు కూడ పంక్తిలో కూర్చున్నచో తినువారికి నిదానము వస్తుంది. ఆమెకును న్యాయము జరుగుతుంది.

మేము ఇప్పటికిని సన్నని వారము కాము. ఈ ఎనిమిదేండ్లలో 107 నుంచి మెల్లగా దిగి, 94 కిలోల దగ్గర నిలిచినాము. రక్తపోటు మాత్ర వేసుకొంటూనే ఉన్నాము. మధుమేహమునకు ఒక మాత్ర మిగిలినది. మూడు పురములలో ఒకటియు పూర్తిగా కూలలేదు. మూడును కొంత కొంత తగ్గినవి. స్వామికి ఒక బాణము సరిపోయినది గాని, మాకు దినమునకు మూడు పూటలు ఎక్కుపెట్టవలసి వస్తున్నది.

2025 కార్తీకములో మరల కొండకు పోయినాము. అమ్మగారికి డెబ్బది అయిదు దాటినవి, మోకాళ్ళ నొప్పులు. ఆమె చెరువు గట్టున, ఒకనాడు మేము కూర్చున్న చోటనే కూర్చున్నారు. మేము ఒక్కసారి ఆగి, పైకి పోయి, దర్శనము చేసుకొని, ప్రసాదము తెచ్చి ఆమె చేతిలో పెట్టినాము. పులిహోరయే. ఆమె అందులో నుంచి ఉసిరికాయంత తీసి మా చేతిలో ఉంచినారు. మేము నమిలి మింగు వరకు మా ముఖము వంక చూస్తూ ఊరుకొన్నారు. తరువాత మిగిలినది తాము తిన్నారు. మరికొంచెము పెట్టనా అని అడుగలేదు.